పేడలో గింజలు

తబూక్ దగ్గరి ఫారం,
9 ఆగస్టు 2024

కావ్యకు మీ ఎల్లన్న మామ రాసేది.

నేను బాగానే ఉన్నాను. నా ఫోన్ బాగా లేదు. సోమవారం మేత కలిపే మిషన్‌లో పడింది. నాతో పనిచేసే భూమేష్ మిషన్ ఆపేలోపే అది కూడా మేతతో పాటు సమానమైన ముక్కలైంది. మూడు ముక్కలు దొరికాయి. మిగతావి ఆరో నంబర్ దొడ్డిలో ఏదో ఒక కోడె తినే ఉంటుంది. అందుకే ఈ కాగితం.

మా నీళ్ల ట్యాంకర్ నడిపే షరీఫ్ భాయ్ వారానికొకసారి తబూక్ పట్నం పోతాడు. ఫారంలో ఎలాగూ సిగ్నల్ ఉండదు. నేను రాసింది ఆయన ఫోటో తీసుకుని, పట్నం చేరాక నీకు పంపుతాడు. నువ్వు కూడా కాగితం మీద రాసి ఫోటో పంపు. అక్కడి దుకాణంలో ప్రింటు తీయించి తెచ్చిస్తాడు. ఆయన హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. కాబట్టి ఇంటి విషయాలు ధైర్యంగా రాయొచ్చు.

ఇక అసలు సంగతి. మా దగ్గర పన్నెండు వందల కోడెలున్నాయి. మాంసానికి పెంచేవి. మే నెలలో మొక్కజొన్నను కర్రా కండీ కలిపి నరికి, గుంటలో తొక్కించి, ప్లాస్టిక్ కప్పి పులియబెట్టాం. సైలేజ్ అంటే ఏమిటో నీకు నేను చెప్పనక్కర్లేదు. దాంతో పాటు బార్లీ కూడా పెడతాం. ఈ లెక్కన కోడె రోజుకు కిలోంబావు పెరగాలట. ముప్పావు కిలో కూడా పెరగడం లేదు. మా ఫారం పెద్ద ఈజిప్టు మనిషి, అందరూ ముహందిస్ అంటారు, అంటే ఇంజినీరు అని. ఆయన చెప్పేదేమిటంటే, కాగితం ప్రకారం గింజ కోడె కడుపులోకి పోతోంది, త్రాసు ప్రకారం పోవడం లేదు. మధ్యలో ఉన్నది నేనూ భూమేషూ.

మా పెట్టెలు వెతికించాడు. భూమేష్ పెట్టెలో మామిడికాయ తొక్కు దొరికింది. నా పెట్టెలో నువ్వు కాలేజీలో చేరిన రోజు ఫోటో దొరికింది. రెండూ మొక్కజొన్న కావని ఒప్పుకున్నాడు కానీ, మమ్మల్ని గేటు దాటనివ్వొద్దని చెప్పాడు. సెప్టెంబర్ దాకా చూసి, బరువు పెరగకపోతే ఇద్దరికీ ఫైనల్ ఎగ్జిట్ కొడతాడట, అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తాడట. భూమేష్‌ది నిర్మల్ దగ్గర ఊరు. వాడు అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అంటున్నాడు. “దొంగతనం జేసినా గింత బాధుండకపోవు అన్నా. జెయ్యకుండనే దొంగలమైనం.”

కోడెలు పెరగడానికి మందేమైనా ఉంటే రాయి. నువ్వు డాక్టరమ్మవు, నీకు తెలిసే ఉంటుంది.

ఇక్కడ ఎండ మామూలే. పావురాలు ఎక్కువైపోయాయి. అవి మేత తొట్ల దగ్గరికి రావు, పొద్దంతా పేడ కుప్పల మీదే ఉంటాయి. ఎగరలేనంత లావుగా ఉన్నాయి. ఎడారి పావురాల అలవాట్లు వేరు కాబోలు.

అక్కకు చెప్పు, బాగున్నానని. పెట్టెల సంగతి చెప్పకు.

మీ మామ
ఎల్లన్న


కోరుట్ల, పశువైద్య కళాశాల హాస్టల్,
21 ఆగస్టు 2024

మామా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఫోన్ సంగతి. ఆరో నంబర్ దొడ్డిలో ఏ కోడైనా వీపు వంచి నిలబడినా, మేత వదిలేసినా వెంటనే మీ డాక్టర్‌కు చెప్పు. ఇనుప ముక్కలు మింగిన పశువుకు అయస్కాంతం మింగిస్తారు, అది లోపల ఇనుమును పట్టి ఉంచుతుంది. బ్యాటరీ ముక్క నీకు దొరికిన మూడింటిలో ఉందా లేదా అన్నది తప్పకుండా రాయి.

రెండోది పావురాలు. వాటి అలవాట్లు ఎడారిలోనైనా ఒకటే మామా. అవి పేడ తినవు. పేడలో గింజలుంటే ఏరుకుని తింటాయి.

మొక్కజొన్న గింజ మీద గట్టి పొట్టు ఉంటుంది. అది పగలకపోతే పశువు పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు లోపలికి దూరలేవు. పశువు నమిలేటప్పుడు కొన్ని పగులుతాయి, చాలా గింజలు పగలవు. అలాంటి గింజ తొట్లోంచి ఎలా లోపలికి పోయిందో అలాగే పేడలోంచి బయటికి వస్తుంది. అందుకే పైరు కోసే మిషన్‌లో రెండు ఇనుప రోలర్లు పెడతారు. నరికిన మేత వాటి మధ్య నుంచి నలిగి పోవాలి. మీ మిషన్‌లో అవి ఉన్నాయో లేదో, ఉంటే పనిచేస్తున్నాయో లేదో కనుక్కో.

మీరు దొంగలు కాదని చూపించడానికి మందు అక్కర్లేదు, జల్లెడ కావాలి. పది కోడెల పేడ ఒక్కో దోసెడు తీసుకుని వేరువేరుగా జల్లెడలో వేసి నీళ్లతో కడుగు. మిగిలిన గింజలు లెక్కపెట్టు. తర్వాత ఒక లీటరు డబ్బా నిండా సైలేజ్ తీసుకుని బకెట్ నీళ్లలో వెయ్యి. కర్ర ముక్కలు తేలుతాయి, గింజలు అడుగుకు పోతాయి. పూర్తి గింజలు రెండు మూడు కంటే ఎక్కువుంటే సైలేజ్ సరిగా నలగలేదని అర్థం.

అమ్మ బాగుంది. బీడీలు చుట్టేచోట అందరికీ తమ్ముడు మిషన్ ఆపరేటర్ అని చెప్పుకుంటోంది. పెట్టెల సంగతి చెప్పలేదు.

నేను డాక్టర్‌ను కాలేదు మామా. ఇంకా మూడో సంవత్సరమే.

కావ్య


తబూక్ ఫారం,
6 సెప్టెంబర్ 2024

డాక్టరమ్మకు,

బ్యాటరీ ముక్క దొరికిన మూడింటిలోనే ఉంది. ఆరో నంబర్ కోడెలన్నీ వీపు నిటారుగానే పెట్టుకున్నాయి.

నువ్వు చెప్పినట్టు పేడ కడిగాం. మొదటిరోజు పది దోసెళ్లూ ఒకే బకెట్‌లో కలిపేశాం. వేరువేరుగా అన్నది భూమేష్ తర్వాత చదివాడు. మళ్లీ కడిగాం. పది కోడెల దగ్గర కలిపి నూట ఎనభై ఆరు గింజలు. పసుపుపచ్చగా, నిగనిగలాడుతూ, కండి నుంచి ఇప్పుడే వొలిచినట్టున్నాయి. రెండు రాత్రులూ రెండు పగళ్లూ కోడె కడుపులో తిరిగి వచ్చాయంటే ఎవరూ నమ్మరు.

ముహందిస్ కూడా నమ్మలేదు. గింజలు మేమే తెచ్చి కలిపామన్నాడు. అలాగైతే మీ కళ్ల ముందే కడుగుతామని షరీఫ్ భాయ్‌తో చెప్పించాను. మరుసటిరోజు పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఏ కోడె పేడ తీయాలో ఆయనే వేలు పెట్టి చూపించాడు. పద్నాలుగో నంబర్ దొడ్డిలో ఒక కోడె అప్పుడే వేసింది, అది తీయమన్నాడు. కడిగాను. ఇరవై మూడు గింజలు వచ్చాయి. ముక్కు మూసుకున్న చెయ్యి తీసి, ఒక గింజ పట్టుకుని గోటితో నొక్కాడు. పగలలేదు. ఇంకో కోడెను చూపించాడు. పంతొమ్మిది. అలా ఎండ ముదిరేదాకా కడిగించాడు. చివర్లో జల్లెడ ఆయనే పట్టుకున్నాడు.

ఎవరు చెప్పారు ఇదంతా అని అడిగాడు. మా మేనకోడలు, డాక్టర్ అని చెప్పాను.

గేటు ఆంక్ష ఇంకా తీయలేదు. కానీ ఫైనల్ ఎగ్జిట్ మాట మళ్లీ ఎత్తలేదు. షరీఫ్ భాయ్ మా ఫోటోలు తీశాడు, ఈ ఉత్తరంతో పాటు పంపుతానన్నాడు.

పావురాలు ముహందిస్‌ను చూసి కూడా లేవలేదు.

మీ మామ


కోరుట్ల,
19 సెప్టెంబర్ 2024

మామా,

ఫోటోలు వచ్చాయి. అవి వచ్చినప్పుడు నేను ఇంటి దగ్గర ఉన్నాను, ఫోన్ అమ్మ చేతిలో ఉంది. నువ్వు గొట్టం పట్టుకుని, మోచేతుల దాకా పేడతో, ఒక పెద్దమనిషి ముందు గొంతుక్కూర్చుని ఉన్నావు. పెద్దమనిషి వేలు చూపిస్తున్నాడు. అమ్మ ఆ ఫోటో చాలాసేపు చూసింది. తర్వాత పొయ్యి ఆర్పేసింది.

“ఆపరేటర్ అని పోయినోడు పేడ గడుగుతుండు. ఏం తప్పు జేసిండో నాకు జెప్తలేరు” అంది. ఇది పరీక్ష అని, నేనే చేయమన్నానని చెప్పాను. “నువ్వెందుకు జెప్తవ్, నీ మామతోని పేడ గడిగిస్తవా” అని ఆ కోపం నా మీదికి మళ్లించింది. ఇప్పుడు ఇద్దరితోనూ మాట్లాడటం లేదు. నీకు ఆ సంగతి తెలియదు కాబట్టి రాస్తున్నాను.

నూట ఎనభై ఆరు గింజలు అంటే చాలా ఎక్కువ. మిషన్ రోలర్ల మధ్య సందు ఎంత ఉందో కొలిచి రాయి. గుంటలో ఉన్న పాత సైలేజ్‌ను ఇప్పుడు ఏమీ చేయలేం. కొత్త పైరు కోసేటప్పుడే సరిచేసుకోవాలి.

ఇంకొక విషయం. నన్ను అక్కడ డాక్టర్ అని చెప్పకు. అడిగితే చదువుకుంటోందని చెప్పు.

కావ్య


తబూక్ ఫారం,
7 అక్టోబర్ 2024

కావ్యకు ఆశీస్సులు. అక్కకు చెప్పు, కడిగింది నా పేడ కాదు, కోడెలది, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

శుభవార్త. గేటు ఆంక్ష తీసేశారు. ముహందిస్ మమ్మల్ని పిలిచి టీ ఇప్పించాడు. తప్పయిందని అనలేదు, రెండో కప్పు కూడా పొయ్యమన్నాడు. భూమేష్ దాన్నే తప్పు ఒప్పుకోవడం కింద లెక్కేశాడు.

కోత మిషన్ నడిపేది ఆసిఫ్, పాకిస్తాన్ ముల్తాన్ మనిషి. రోలర్లు ఉన్నాయి. సందు ఆరు మిల్లీమీటర్లు. గింజ అందులోంచి పడుకుని పోవచ్చు. ఎందుకలా వదిలావంటే, సందు తగ్గిస్తే మిషన్ నెమ్మదిస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, పోయినసారి అందుకే తిట్లు తిన్నానన్నాడు. ఆ తిట్టింది కూడా ముహందిసే. టీ దగ్గర ఆ సంగతి రాలేదు.

కొత్త పైరు నవంబర్ మొదటి వారంలో కోస్తాం. మీ డాక్టర్ ఏమంటుందో అడుగు, అలాగే పెడదాం అన్నాడు ముహందిస్. చదువుకుంటోందని చెప్పాను. డాక్టర్లందరూ చదువుకుంటూనే ఉంటారు అన్నాడు. సందు ఎంత పెట్టాలో వెంటనే రాయి. పన్నెండు వందల కోడెల ఏడు నెలల మేత నీ కాగితం మీద ఆధారపడి ఉంది.

మీ మామ
ఎల్లన్న


కోరుట్ల,
22 అక్టోబర్ 2024

మామా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి సరిగా తినలేదు. ఇంత పెద్ద పనిని నా మీద పెట్టొద్దు. కానీ ఇంకో రెండు వారాల్లో కోత కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

గింజలో పాలగీత సగం దాటినప్పుడు కోయండి. కండిని మధ్యకు విరిస్తే గింజ మీద తెలుపుకూ పసుపుకూ మధ్య ఒక గీత కనిపిస్తుంది, అదే. మరీ ముదిరితే గింజ రాయి అవుతుంది, ఏ రోలరూ పగలగొట్టలేదు. రోలర్ల సందు ఒక మిల్లీమీటరు నుంచి రెండు దాకా దించండి. పళ్లు అరిగి ఉంటే కొత్తవి వేయమనండి. ప్రతి ట్రాలీ నుంచి ఒక లీటరు డబ్బా మేత తీసి బకెట్‌లో వేసి చూడండి. గుంటలో గట్టిగా తొక్కించి, గాలి చొరకుండా వెంటనే కప్పండి. గింజ ఒక్కటి కూడా పూర్తిగా మిగలకూడదు.

(కాగితం వెనక)

ఇది ముఖ్యం. గింజ పగలగొట్టమన్నాను కానీ కర్రను మాత్రం చిన్నగా నరకొద్దు. ముక్క రెండు సెంటీమీటర్లు ఉండాలి. పొడుగు పీచు ఉంటేనే కోడె నెమరు వేస్తుంది, నెమరు వేస్తేనే కడుపులో పులుపు తగ్గుతుంది. రెండోది, కొత్త గుంట తెరిచిన రోజు నుంచి బార్లీ తగ్గించాలి. ఇంతకాలం పేడలో పోయిన గింజ ఇక మీదట లోపలే కరుగుతుంది. దాని మీద అంతే బార్లీ పెడితే కడుపు పులిసిపోతుంది. పాత సైలేజ్‌లో కొత్తది కలుపుతూ రెండు వారాల మీద మార్చండి.

ఇప్పుడు నా సంగతి. పోయిన వారం ఫలితాలు వచ్చాయి. పశుపోషణ పేపర్‌లో తప్పాను. నలభై రెండు వచ్చాయి, యాభై కావాలి. నీకు సలహాలు రాస్తున్న సబ్జెక్టు అదే. మార్చిలో మళ్లీ రాయాలి. అమ్మకు చెప్పలేదు. నువ్వు తిడితే తిట్టు. ఈ కాగితం మాత్రం ముహందిస్‌కు చదివి వినిపించి, ఆయన సరేనన్నాకే చెయ్యండి.

నీ
కావ్య


తబూక్ ఫారం,
13 నవంబర్ 2024

డాక్టరమ్మకు,

కోత అయింది. అంతా నువ్వు రాసినట్టే చేశాం. పాలగీత చూసి కోశాం. ఆసిఫ్ రోలర్లు కొత్తవి వేసి ఒక మిల్లీమీటరుకు బిగించాడు. ఇంకా బాగా నలగాలని ముక్క కూడా సగానికి తగ్గించాడు, గోటి మీద పట్టేంత. ప్రతి ట్రాలీ దగ్గర నేనూ భూమేషూ బకెట్ పట్టుకుని నిలబడ్డాం. మొత్తం మీద పూర్తి గింజలు నాలుగు దొరికాయి. ఆ నాలుగింటినీ ముహందిస్ తన టేబుల్ మీద సీసాలో పెట్టుకున్నాడు.

మేతను చేతిలోకి తీసుకుంటే రవ్వలా ఉంది. ఇంత చక్కటి మేత నేను చూడలేదు.

నీ ఉత్తరం ఈసారి చిన్నగా ఉంది, సంతకం కూడా పెట్టలేదు. పరీక్షల తొందరలో ఉండుంటావు. ఫర్వాలేదు. కావలసిందంతా అందులో ఉంది.

పావురాలు ఇంకా పేడ కుప్పల మీదే ఉన్నాయి. కొత్త గుంట తెరిచాక ఏం తింటాయో చూడాలి.

మీ మామ


కోరుట్ల,
27 నవంబర్ 2024

మామా,

నేను అంత సంగతి రాస్తే నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. తిడతావనుకున్నాను. తిడితే ఏడ్చేసి ఊరుకునేదాన్ని. నువ్వు మళ్లీ డాక్టరమ్మా అనే రాశావు. ఎగతాళికి అన్నావో, ప్రేమతో అన్నావో తెలియక మూడు రోజులు ఆలోచించాను. ప్రేమతోనే అనుకుంటున్నాను.

అంతా రాసినట్టే చేశామన్నావు కాబట్టి మేత గురించి ఇంకేం చెప్పేది లేదు. నా విషయం మాత్రం అమ్మకు చెప్పకు. నేనే చెప్తాను. మార్చిలో అంతా సరైపోతుంది.

కావ్య


తబూక్ ఫారం,
14 డిసెంబర్ 2024

కావ్యకు,

అబ్బాయి ఎవరు?

నువ్వు నాకు ఏం రాశావో నాకు తెలియదు, అందలేదు. కానీ చదవకపోయినా అర్థమైంది. మార్చిలో ముహూర్తాలున్నాయో లేవో కూడా తెలియదు. అక్కకు చెప్పకుండా నాకు ముందు చెప్పాలనుకున్నావు, అది చాలు. చదువు అయ్యాక అయితే బాగుండేది. ఇంతకంటే నేనేం అనను. అక్కతో నేను మాట్లాడతాను.

ఇక్కడ పరిస్థితి బాగా లేదు. అందుకే షరీఫ్ భాయ్ ఈ ఒక్క ఉత్తరం కోసం ఇవాళ పట్నం పోతున్నాడు. ఫోన్లో చెబుదామంటే నాకు మళ్లీ గేటు మూశారు.

కొత్త గుంట ఐదో తారీఖున తెరిచాం. కోడెలు విరుచుకుపడి తిన్నాయి. నాలుగు రోజులు పండగలా ఉంది. పేడ కడిగితే ఒక్క గింజ లేదు. ఆసిఫ్ వచ్చి చెయ్యి కలిపాడు. ఐదోరోజు పేడ పల్చబడింది. బూడిదరంగు, పైన నురగ, పుల్లటి వాసన. ఆరోరోజుకు ఏ దొడ్డిలోనూ నెమరు వేసే కోడె కనిపించలేదు. నిలబడి రొప్పుతున్నాయి. పదకొండో తారీఖు ఒకటి చచ్చిపోయింది, పన్నెండున ఇంకొకటి. నలభై దాకా మేత ముట్టడం లేదు. మా పశువుల డాక్టర్ సెలవు మీద సూడాన్ వెళ్లాడు.

మేత ఇలా చేయమని ఎవరు చెప్పారని ముహందిస్ మళ్లీ అడిగాడు. నేనే, నెట్‌లో చూశానని చెప్పాను. నా దగ్గర ఫోన్ లేదని, చెప్పింది నువ్వేనని ఆయనకు తెలుసు. అయినా కాగితం మీద అలాగే రాసుకున్నాడు.

రెండో కోడె చచ్చేటప్పుడు నేను దాని దగ్గరే కూర్చున్నాను. దానికి నేను పెట్టిన మేతే అది. అది నన్ను చూసి మేత కోసమే తల ఎత్తింది.

ఏం చేయాలో రాయి.

మామ


కోరుట్ల,
14 డిసెంబర్ 2024

మామా,

అబ్బాయి ఎవరూ లేరు.

ఈ ఉత్తరం ఒకే వైపు రాస్తున్నాను. అక్టోబర్ ఉత్తరం రెండు వైపులా రాశాను. నీకు ఒకవైపే చేరిందని ఇప్పుడు తెలిసింది. షరీఫ్ భాయ్‌ను ఫోన్ తెరిచి చూడమను, రెండో ఫోటో అందులో ఉంటుంది. అది తర్వాత చూడొచ్చు. ముందు ఇది చెయ్యండి.

ఇది నా మాట కాదు. మా పోషణ శాఖ తాజున్నీసా మేడమ్ ఇంటికి వెళ్లి, నీ ఉత్తరం చదివి వినిపించి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. బార్లీ ఇవాళే ఆపండి. అన్నిటికన్నా ముందు పొడుగు ఎండుగడ్డి వెయ్యండి, గోధుమ గడ్డి ఉన్నా సరే, కావలసినంత తిననివ్వండి. తర్వాతే సైలేజ్, అదీ మామూలులో మూడో వంతు. పాత గుంటలో మిగిలిందేమైనా ఉంటే అది కలపండి. మేతలో తినే సోడా కలపాలి, ఎంతో మేడమ్ వేరే చీటీలో రాసిచ్చారు, పంపుతున్నాను. పడుకుని లేవని వాటికి, కళ్లు లోపలికి పోయినవాటికి సూది మందు కావాలి, పట్నం నుంచి డాక్టర్‌ను పిలిపించాల్సిందే. నలిగిన మేతను మళ్లీ పొడుగు చేయలేం. కానీ దానికి పీచు కలిపి, బార్లీ తగ్గించి ఏడు నెలలూ వాడుకోవచ్చు.

రెండో పేజీలో ఇదే రాశాను. కర్ర చిన్నగా నరకొద్దని, బార్లీ తగ్గించమని. దాని కిందే రాశాను, నేను పశుపోషణలో తప్పానని. నలభై రెండు మార్కులు. నువ్వు పన్నెండు వందల కోడెలను తీసుకెళ్లి ఆ నలభై రెండు మార్కుల చేతిలో పెట్టావు. నేను కాదనలేదు, ఎందుకంటే డాక్టరమ్మా అని నువ్వు పిలిస్తే నాకు బాగుండేది.

నెట్‌లో చూశానని నువ్వు నా కోసం చెప్పొద్దు. ముహందిస్‌కు ఇంగ్లీషులో వేరే ఉత్తరం రాశాను. నేను డాక్టర్‌ను కాదని, ఈ పేపర్ తప్పానని, అయినా సలహా ఇచ్చానని, ఆ సలహాలో సగమే మీకు చేరిందని, ఇప్పుడేం చేయాలో మేడమ్ చెప్పిందని అన్నీ రాశాను. ఆయన చేతికి ఇవ్వు. ఇవ్వకుండా జేబులో పెట్టుకుంటావని తెలుసు. అందుకే షరీఫ్ భాయ్‌నే నేరుగా ఆయనకు ఇవ్వమని చెప్పాను.

కావ్య


తబూక్ ఫారం,
19 జనవరి 2025

కావ్యకు మామ ఆశీస్సులు.

ఇంతకాలం రాయకపోవడానికి కారణం చేతులు ఖాళీ లేకపోవడం. కోపం కాదు.

నువ్వు పంపిన రోజే షరీఫ్ భాయ్ కాగితాలు తెచ్చి నేరుగా ముహందిస్ గదికి వెళ్లాడు. నేను జేబులో పెట్టుకుని ఉండేవాణ్ణి, నిజమే. ముహందిస్ నీ ఇంగ్లీషు ఉత్తరం నిలబడి చదివాడు, కూర్చుని మళ్లీ చదివాడు. తర్వాత గడ్డి లారీలు తెప్పించాడు. ఐదు రోజులు అందరం, ఆయనతో సహా, చేతులతో గడ్డి వేశాం. ఇస్త్రీ చొక్కా మాత్రం మార్చలేదు. పట్నం నుంచి డాక్టర్ వచ్చాడు. ఇంకొక కోడె పోయింది. మొత్తం మూడు. మిగతావి నిలబడ్డాయి. ఎనిమిదోరోజు పొద్దున భూమేష్ పరుగెత్తుకొచ్చాడు. “అన్నా, నెమరేస్తున్నయే” అన్నాడు. ఇద్దరం పోయి దొడ్డి గోడ మీద కూర్చుని అవి నెమరు వేయడం మధ్యాహ్నం దాకా చూశాం. ఎవరూ పనికి పిలవలేదు.

ఇప్పుడు కోడెలు రోజుకు కిలో మూడు వందలు పెరుగుతున్నాయి, అదీ బార్లీ మునుపటిలో సగంతోనే. భూమేష్‌కు సెలవు దొరికింది. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. ప్రతి సోమవారం జల్లెడ పట్టి పేడ చూసే పని నాకే అప్పగించారు. అక్కకు ఏమని చెప్పాలో నువ్వే ఆలోచించు.

రెండో ఫోటో షరీఫ్ భాయ్ ఫోన్లో ఉంది. రెండూ ఒకేలా కనిపించాయట, ఒకటే రెండుసార్లు వచ్చిందనుకుని ఒక్కదాన్నే ప్రింటు తీయించాడు. వారం రోజులు నా ముఖం చూడలేకపోయాడు. నేను ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన ప్రింటు తీయలేదు. సంతకం ఎందుకు లేదని నేను అడగలేదు. ఆసిఫ్ ఎవరూ చెప్పకుండానే ముక్క తగ్గించాడు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ముహందిస్ బార్లీ తగ్గించలేదు. నువ్వు తప్పిన సంగతి కాగితం అడుగున రాశావు. మేం ఐదుగురం ఎవరి తప్పు ఎంతో తేల్చుకోవచ్చు. కోడెలు మాత్రం పెట్టింది తిన్నాయి.

నలభై రెండు మార్కుల గురించి నాకు చెప్పాల్సింది ఒక్కటే. నేను నిన్ను డాక్టరమ్మా అన్నది నిన్ను పైకెత్తడానికి కాదు. ఇక్కడ దొంగ అన్న మాట పడుతున్న రోజుల్లో, నాకూ ఒక డాక్టర్ ఉందని చెప్పుకోవడానికి. ఆ బరువు నీ మీద పెట్టానని నాకు తోచలేదు. ఇక మీదట కావ్యా అనే రాస్తాను.

నీ ఇంగ్లీషు ఉత్తరం ముహందిస్ తిరిగి ఇచ్చాడు, దాని ఫోటో కూడా దీంతో పాటు వస్తుంది. ఆయన మునుపు వాళ్ల దేశంలో ఆరేళ్లు పాఠాలు చెప్పాడట. ఎర్ర పెన్నుతో దిద్దాడు. రెండు చోట్ల తప్పన్నాడు, అందులో ఒకటి, బార్లీ ఒక్కసారిగా ఆపకుండా ఇలాంటప్పుడు కూడా కొంచెం ఉంచాలట. మీ మేడమ్‌తో ఆ మాట తేల్చుకో. పైన అరవై నాలుగు మార్కులు వేశాడు. నిజం రాసినందుకు విడిగా మార్కులేమీ వేయలేదు, అది సిలబస్‌లో లేదన్నాడు.

అక్కకు చెప్పు. ఆలస్యం చేయకు.

ఎల్లన్న మామ


ఇంటి నుంచి,
8 జూన్ 2025

మామా,

అమ్మకు ఫిబ్రవరిలోనే చెప్పాను. నీకు రాయడానికి ఇంతకాలం పట్టింది. చెబుతుంటే బీడీ చుట్టడం ఆపలేదు. కాలేజీ కాగితం అక్టోబర్‌లోనే పోస్టులో ఇంటికి వచ్చిందట. పక్కింటి వాళ్లతో చదివించుకుని ఆకు బుట్ట కింద పెట్టుకుంది. “నువ్వే జెప్తవేమోనని సూసిన. నాలుగు నెలలు సూసిన” అంది. అంతే. ఆ రోజు కోడికూర వండింది. నీ పేడ ఫోటో గురించి కూడా ఇప్పుడు అందరికీ తనే చెబుతోంది, కానీ అందులో నువ్వు గింజల మీద పరిశోధన చేస్తున్నావు, ఆ పెద్దమనిషి నీకు సహాయం చేస్తున్నాడు.

మార్చిలో పేపర్ మళ్లీ రాశాను. సైలేజ్ గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. కోళ్లకు కాల్షియం గురించి వచ్చింది. యాభై ఏడు. బార్లీ సంగతి మేడమ్‌ను అడిగాను. ముహందిస్ చెప్పింది కూడా సరైనదేనంది, పశువు ఎంత నీరసంగా ఉందో చూసి నిర్ణయించాలట. ఆయనకూ నాకూ చెరో సగం మార్కు ఇచ్చింది.

పోయిన వారం మమ్మల్ని ఊళ్లలో పశువైద్య శిబిరానికి పంపారు. భూషణం అని ఒక పెద్దాయన గేదెను తోలుకొచ్చాడు. మూడు రోజులుగా సరిగా తినడం లేదు, పాలు తగ్గాయి. జ్వరం లేదు. కడుపు మీద చెవి పెట్టి విన్నాను, కదలిక కొంచెం నెమ్మదిగా ఉంది. ఏం మేపుతున్నారని అడిగాను. పేడ చూశాను. మా సీనియర్లు వేరే ఊళ్లో ఉన్నారు. ఆయన నా వైపు చూస్తున్నాడు. చుట్టూ పది మంది ఉన్నారు. ఏదో ఒక పొడి చీటీలో రాసిస్తే ఆయనకు సరిపోయేది, నాకూ సరిపోయేది.

“నాకు తెలుస్తలేదు తాతా. రేపు అడిగి జెప్త” అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. తెలియనప్పుడు తెల్లకోటు ఎందుకు వేసుకున్నావన్నాడు. గేదెను తోలుకుని వెళ్లిపోయాడు. నాతో వచ్చిన వాళ్లు నన్ను చూసి నవ్వారు.

నేను ఆ సాయంత్రం మేడమ్‌కు ఫోన్ చేసి అన్నీ చెప్పాను. మేపు మార్చారేమో కనుక్కోమంది, ఏం చేయాలో చెప్పింది, రాసుకున్నాను. మర్నాడు పొద్దున భూషణం తాత మళ్లీ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. గేదె ఏదని అడిగితే, తెల్లారేసరికి దానంతట అదే మేత తిందని, బాగానే ఉందని చెప్పాడు.

మరి ఎందుకొచ్చావని అడిగాను.

“అడిగి జెప్త అన్నవు గద” అన్నాడు. చెప్పేదాకా కుర్చీలో కూర్చున్నాడు.

కావ్య